జకరయ్య శాశ్వత నివాసం

పులిపాటి జకరయ్యకు ఇల్లుంది, ఇల్లాలుంది, ఆధార్ కార్డుంది, రేషన్ కార్డుంది. లేనిదల్లా నివాసం. ఆ సంగతి యాభై దాటాక కోర్టువారు చెప్పేదాకా ఆయనకు తెలియలేదు. పాపం, అప్పటిదాకా తాను ఎక్కడో ఒకచోట ఉంటున్నాననే అనుకుంటూ వచ్చాడు.

ఆయనది బ్యాండు మేళం. సింహగర్జన బ్రాస్ బ్యాండ్ అంటే నల్లవాగుకు ఇటూ అటూ తెలియని పెళ్ళివారు లేరు. నల్లవాగు రెండు రాష్ట్రాలకు సరిహద్దు. జకరయ్య ఇల్లు వాగుకు ఇవతల తూములపాడులో ఉంది. ఫంక్షన్ హాళ్ళన్నీ అవతల రాళ్ళచెరువులో ఉన్నాయి కాబట్టి బ్యాండు గది అక్కడ అద్దెకు తీసుకున్నాడు. ఎర్ర కోట్లు తొడిగిన మనుషుల్ని వెంటేసుకుని, ట్రంపెట్ పెదవికి ఆనించి ఆయన ఊరేగింపు ముందు నడుస్తుంటే, మేడల మీది ఆడవాళ్ళు పెళ్ళికొడుకుని చూడ్డం మరిచిపోయేవారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అందుకే మీసానికి రంగు వేసేవాడు.

తగువు ఒక పెళ్ళిలో మొదలైంది. ఆడపెళ్ళివారు జకరయ్య సింహగర్జనను పిలిచారు. మగపెళ్ళివారు అవతలి రాష్ట్రం నుంచి కొలిపాక రాజలింగం గారి సింహగర్జనను తెచ్చుకున్నారు. హాలు గుమ్మం ముందు రెండు సింహగర్జనలూ ఎదురెదురు పడ్డాయి. రెండు పెద్ద డ్రమ్ముల మీదా ఒకే పేరు, ఒకే నోరు తెరిచిన సింహం. ఆ సింహం బొమ్మ వేసిన పెయింటరు కూడా ఒకడే అని తర్వాత తేలింది. రాజలింగం మర్నాడే తన ఊరి కోర్టులో దావా వేశాడు.

ఆ దావాను ఎగరేసుకుపోయింది అంతర్రాష్ట్ర వ్యాపార వివాదాల ప్రత్యేక న్యాయస్థానం. రెండు చెక్‌పోస్టుల మధ్య, ఏ రాష్ట్రానికీ చెందని ఉమ్మడి స్థలంలో, కొత్తగా సున్నం వేసిన భవనంలో అది అప్పుడే తెరుచుకుంది. రిబ్బను కత్తిరించారు గానీ కేసులు రాలేదు. వచ్చిన మొదటి కేసు మీద సిబ్బందికి ఎంత ప్రేమ పుట్టిందంటే, ఆ సాయంత్రమే జప్తులు చేసే కోర్టు అమీను వ్యానేసుకుని వచ్చి, 'వివాదాస్పద నామధేయము గల వాద్య సామగ్రి' అని రాసి, ఇద్దరి ట్రంపెట్లు, క్లారినెట్లు, డ్రమ్ములు, తాళాలతో సహా పట్టుకుపోయి స్టోరు గదిలో పెట్టి సీలు వేశాడు.

"అయ్యా, పై నెల్లో ముహూర్తాలండీ," అన్నాడు జకరయ్య తన లాయరు నీలాద్రి గారితో. "కేసు ఎంతకాలమైనా నడపండి. సామాను మాత్రం ఇప్పించండి."

"ఇవ్వాలంటే కోర్టుకు పరిధి ఉండాలయ్యా. ఈ కోర్టు వేర్వేరు రాష్ట్రాలవాళ్ళ మధ్య తగువులే వింటుంది. రాజలింగానిది అటు రాష్ట్రం. నీది ఇటు రాష్ట్రమైతే కోర్టుకు పరిధి ఉన్నట్టు. నీదీ అటేనని తేలితే లేనట్టు. ముందు నీదేదో తేలాలి."

"మరి పరిధి ఉందో లేదో తెలవకుండా సీలెట్టా వేశారండీ?"

"వెయ్యడానికి అక్కర్లేదు," అన్నారు నీలాద్రి గారు ఓపిగ్గా. "తియ్యడానికే కావాలి."

తేల్చడానికి ఒక అధికారి ఉన్నాడు. ఆయన గది మీద 'నివాస సంకల్ప నిర్ధారణాధికారి' అని ఇత్తడి అక్షరాలతో ఉంది. ఆయన పేరు పరాంకుశం. ఆ ఉద్యోగం కోసమే పుట్టి, అరవై దగ్గర పడేదాకా అది ఏర్పడటానికి ఎదురుచూసిన మనిషిలా ఉంటాడు. జకరయ్య తన కార్డులన్నీ తీసి ఆయన టేబుల్ మీద పరిచాడు.

"ఇవి ఏమిటి?"

"అడ్రసు ప్రూఫులండీ."

పరాంకుశం గారు వాటిని పెన్నుతో పక్కకు నెట్టారు. "ప్రభుత్వం మిమ్మల్ని ఎక్కడ ఉన్నారనుకుంటున్నదో వీటివల్ల తెలుస్తుంది. మీరు ఎక్కడ ఉండదలచుకున్నారో తెలియదు. నివాసమనగా దేహోపస్థితి మరియు స్థిరసంకల్పము. దేహము ఎదురుగా కనబడుచున్నది. సంకల్పము చూపించండి."

జకరయ్య చెయ్యి దానంతట అదే జేబు దగ్గరకు వెళ్ళి, ఏం తీయాలో తెలియక ఆగిపోయింది. "సార్, నాకు ఏ రాష్ట్రమైనా ఒకటేనండీ. తమకు ఏది సులువైతే అది రాసుకోండి. నా ట్రంపెట్ నాకొస్తే చాలు."

పరాంకుశం గారి కళ్ళు మెరిశాయి. "ఏదైనా ఒకటే అన్నారా? సంకల్ప రాహిత్యము!" అంటూ ఆ ముక్క కింద రెండు గీతలు గీసుకున్నారు. బయటికొచ్చాక నీలాద్రి గారు, ఇకముందు నోరు తెరిచేముందు నన్నడుగు అని జకరయ్యను కేకలేశారు.

తరువాతి వారం పరాంకుశం గారు ఇద్దరు సిబ్బందిని వెంటబెట్టుకుని తూములపాడు వెళ్ళారు. జకరయ్య చెప్పులు ఎక్కడ విప్పుతాడు, పళ్ళు తోముకునే బ్రష్షు తడిగా ఉందా పొడిగా ఉందా, తలగడ మీద ఎవరి తల గుంట ఉంది అనేవి పరిశీలించారు. గొడ్లు దొడ్లో ఉంటే వాటి అభిప్రాయం కూడా తీసుకునేవారే. చివరికి జకరయ్య భార్య సలోమిని కూర్చోబెట్టి, బైబిలు మీద చెయ్యి వేయించి, మీ భర్త ఈ ఇంట్లో ఉంటాడా అని అడిగారు.

సలోమికి ఆ ప్రశ్న ఎదురయ్యేసరికి పాతికేళ్ళ కాపురం కళ్ళముందు కదిలింది. "ఆయనా? ఇంట్లోనా?" అంది. "మాఘమాసం వచ్చిందంటే మా ఆయన ఈ ఇంటికి చుట్టపుచూపుగా వస్తాడండీ. వచ్చినా కాళ్ళు కడుక్కునేలోపు ఫోను మోగుద్ది. ఆ ట్రంపెట్‌నే చేసుకోవాల్సింది, నన్నెందుకు చేసుకున్నాడో!"

లోకంలో ఏ పెళ్ళామైనా మొగుడి మీద ఈపాటి విసుక్కుంటుంది. దాన్ని మాత్రం అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నారు. 'స్వయంగా భార్య ప్రమాణపూర్వక వాంగ్మూలము ప్రకారము ఇతడు సదరు గృహమునకు చుట్టము.'

"అయ్యో, ఊరికే అన్నదండీ!" అన్నాడు జకరయ్య.

"ప్రమాణము చేసి ఊరికే అనడం నేరం. అలా రాయమంటారా?"

వద్దన్నాడు జకరయ్య. చుట్టంగానే ఉండిపోయాడు.

సరే, ఇల్లు కాకపోతే బ్యాండు గది ఉందిగా అని అందరూ వాగు దాటారు. ఆ గదిలో మంచం లేదు. కోట్ల మూటల మీద పడుకుంటానని జకరయ్య చెబితే, మూట పడక కాదని పరాంకుశం గారు తీర్మానించారు. పక్క టీకొట్టు ఆయన్ని పిలిచి అడిగారు. "గాయన గిక్కడెప్పుడుంటడు సార్? రాత్రయితే బరాతుల్లనే ఉంటడు," అన్నాడు టీకొట్టాయన, మంచిగా చెబుతున్నాననుకుని. ఆ దెబ్బతో నివేదికలో కొత్త పేరా చేరింది. 'ఇతని రాత్రులలో అధికభాగము రహదారుల మీద, మందగమనములో గడచుచున్నవి. గుర్రము మీది వరుని వైపు తిరిగి వెనకకు నడచు వ్యక్తికి ఏ స్థలమందైనా నిలిచియుండు సంకల్పము కలదని భావించుట దుస్సాధ్యము.'

నివేదిక కోర్టులో చదివినప్పుడు న్యాయమూర్తి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన మంచి మనిషే. అసలు దోషమంతా ఆయన ఆలోచించడంలో ఉంది. "శాశ్వత నివాసం అంటే మనిషి శాశ్వతంగా ఉండే చోటు కదా," అన్నారు ఆయన. "మీ క్లయింటు శాశ్వతంగా ఎక్కడ ఉంటాడు, నీలాద్రి గారూ?"

నీలాద్రి గారు రెండు రోజులు గడువడిగి, తూములపాడు చర్చి సమాధుల తోటలో జకరయ్య పేర జాగా రాయించుకుని వచ్చారు. పాస్టరు గారి ఉత్తరం, తోట పటం, ఆరడుగుల పొడవు సరిపోతుందని కొలిచినవాడి సంతకం అన్నీ దాఖలు చేశారు. బతికుండగానే తన కొలతలు తీస్తుంటే జకరయ్య గడ్డి మీద బుద్ధిగా పడుకున్నాడు. సలోమి మాత్రం అవతలికి తిరిగి నిలబడింది.

"ఇంతకన్నా స్థిరమైన సంకల్పం ఉంటుందా ప్రభూ?" అన్నారు నీలాద్రి గారు కోర్టులో. చిక్కు తీరిపోయిందనే అనుకున్నాడు జకరయ్య. కేసు మళ్ళీ తమ ఊరి కోర్టుకే పోవాలని చూస్తున్న రాజలింగం తరఫు లాయరు మెల్లగా లేచాడు.

"ప్రతివాది క్రైస్తవుడు. వారి విశ్వాసం ప్రకారం కడపటి దినాన బూర మోగగానే సమాధుల్లో ఉన్నవాళ్ళంతా లేస్తారు. అంటే ఆ స్థలంలో ఉండిపోయే ఉద్దేశం ఇతనికి లేనేలేదు. పైగా బూర ఊదడం ఇతని వృత్తి గనుక, ఆ చప్పుడు విని అందరికంటే ముందు ఇతనే లేచే అవకాశం ఉందని మనవి."

న్యాయమూర్తి గారు జకరయ్యను చూసి, "లేస్తారా?" అని అడిగారు.

జకరయ్య చిక్కులో పడ్డాడు. లేవనంటే విశ్వాసం పోతుంది, లేస్తానంటే జాగా పోతుంది. ఒక్క క్షణం పైకి చూసి, "లేస్తానండీ," అన్నాడు. సమాధిని 'దీర్ఘకాలిక తాత్కాలిక బస'గా కోర్టు నమోదు చేసింది.

నీలాద్రి గారు ఊరుకుంటారా? హిందువైన రాజలింగం అస్థికలు గోదావరిలో కలిపితే అవి పారుకుంటూ ఇటు రాష్ట్రంలోకే వస్తాయనీ, కనుక అతనికీ అటు రాష్ట్రంలో శాశ్వత సంకల్పం లేదనీ ఎదురు పిటిషను పడేశారు. కోర్టు గంభీరంగా నదీ ప్రవాహపు పటాలు తెప్పించింది. రాజలింగం హడలిపోయి, తన అస్థికల్ని ఏ నీళ్ళలోనూ కలపకుండా ఇంట్లోనే డబ్బాలో పెట్టి మూత బిగిస్తామని కొడుకులిద్దరి చేత ప్రమాణ పత్రం ఇప్పించాడు. ముచ్చటపడిన పరాంకుశం గారు అతనికి 'ఉత్తమ నివాసి' అని ధ్రువపత్రం ఇచ్చారు. అతను దాన్ని లామినేషన్ చేయించుకుని చొక్కా జేబులో పెట్టుకు తిరిగేవాడు.

ఇక మిగిలింది జకరయ్య. అతని సంకల్పాన్ని ప్రత్యక్షంగా గమనిస్తే తప్ప లాభం లేదని పరాంకుశం గారు కోర్టుకు విన్నవించారు. గమనించే కాలంలో అతను ఏ రాష్ట్రంలో నిద్రపోయినా అది సాక్ష్యాన్ని తారుమారు చేసినట్టే. కనుక రెండు రాష్ట్రాలకూ చెందని చోట ఉండాలి. అలాంటి చోటు కోర్టు ఆవరణ ఒక్కటే. ఇంకేముంది, జకరయ్య చాప, దుప్పటి, గ్లాసు, లుంగీ పట్టుకుని కోర్టు వరండాలోకి వచ్చిపడ్డాడు.

ముహూర్తాలు వచ్చాయి. సాయంత్రాలు వాగుకు రెండు వైపుల నుంచీ ఊరేగింపుల చప్పుడు వినబడేది. అది ఎవరి బ్యాండో, ఏ పాటలో ఎక్కడ తప్పారో జకరయ్యకు తెలిసిపోయేది. లేచి కూర్చుని చెవులు మూసుకునేవాడు. తన మనుషులు చెల్లాచెదురయ్యారు. క్లారినెట్ ప్రకాశం డీజే పెట్టెల లారీ మీద కూలికి చేరాడు. తాళాలవాళ్ళు మిర్చి కోతలకు పోయారు. వాటన్నిటికన్నా ఆయన్ను తినేసిన భయం వేరే ఉంది. ట్రంపెట్ వాయించేవాడికి పెదవుల్లో పట్టు ఉండాలి. ఊదకపోతే అది సడలిపోతుంది, ఈ వయసులో సడలితే తిరిగి రాదు. అందుకని రోజూ పొద్దున్నే స్తంభం చాటున కూర్చుని పిడికిలి బిగించి అందులోకి బుస్సు బుస్సుమని ఊదేవాడు. 'ఉదయము పిడికిలిలోనికి గాలి ఊదుట. సంకల్పము: అస్పష్టము' అని పరాంకుశం గారి మనిషి రాసుకునేవాడు.

ఆదివారాలు సలోమి కూర క్యారేజీ తెచ్చేది. "ఇంటికి రావయ్యా," అనేది.

"వస్తే మళ్ళీ మొదట్నించీ చూస్తారంట సలోమీ."

"పాపిష్టిదాన్ని, ఆ మాట అనకుండా ఉండాల్సింది." ఆమె నిజంగానే ఏడ్చేది. జకరయ్య ఆమె చెయ్యి పట్టుకుని, నువ్వన్నది నిజమేగా అనేవాడు. అలా చెయ్యి పట్టుకోవడం కాపురంలో ఆయనకు బాగా కొత్త, అదీ కోర్టు వరండాలో.

రాజలింగం పరిస్థితీ ఏమంత గొప్పగా లేదు. అతని బ్యాండూ ఆ గదిలోనే మగ్గుతోంది. వాయిదాకు వచ్చినప్పుడల్లా మొదట్లో మొహం తిప్పుకునేవాడు. తర్వాత పక్కన కూర్చున్నాడు. ఆ తర్వాత టిఫిన్ విప్పి జొన్న రొట్టె సగం విరిచి ఇచ్చాడు.

"అన్నా, గా పేరు నువ్వే తీస్కోరాదే," అన్నాడు ఒకరోజు. "నేను పులిగర్జన అని పెట్టుకుంట. నా డ్రమ్ములు నాకొస్తే సాలు."

ఇద్దరూ ఆ క్షణమే లేచి, భుజాల మీద చేతులేసుకుని పరాంకుశం గారి గదిలోకి వెళ్ళారు. రాజీపడ్డామని చెప్పారు. ఆయన నొచ్చుకున్నారు. "రాజీని నమోదు చేయుటకు న్యాయస్థానమునకు పరిధి ఉండవలెను. లేని పరిధిలో మీరు స్నేహముగా ఉన్నచో అది చెల్లదు. దయచేసి తీర్పు వచ్చువరకు వివాదములోనే ఉండండి," అన్నారు.

ఎట్టకేలకు తీర్పు వచ్చింది. న్యాయమూర్తి గారు దాన్ని చదవడానికి మధ్యాహ్న భోజనం కూడా మానుకున్నారు. ప్రతివాది భార్యకు చుట్టం. బ్యాండు గదికి మూట. సమాధికి తాత్కాలిక అతిథి. అయితే ఇతడు తిన్నది, పడుకున్నది, పిడికిలిలోకి ఊదినది, భార్య చెయ్యి పట్టుకున్నది అన్నీ అధికారుల కళ్ళెదుట ఒకే ఒక్క స్థలంలో రుజువయ్యాయి. 'కావున ఇతని శాశ్వత నివాసము ఈ న్యాయస్థానపు వరండాయే. సదరు వరండా ఏ రాష్ట్రానికీ చెందదు. కావున ఇతడు ఏ రాష్ట్రవాసీ కాడు. కావున ఈ దావాను విను పరిధి మాకు లేదు. కొట్టివేయడమైనది.'

"పోనీలెండి, మంచిదే," అన్నాడు జకరయ్య. "ఇక సీలు తియ్యమనండి."

"పరిధి లేదని ఇప్పుడేగా అన్నారు," అన్నారు నీలాద్రి గారు కాళ్ళు ఈడ్చుకుంటూ. "సీలు తియ్యమని చెప్పే అధికారం ఇంకెక్కడిది?"

జకరయ్య వరండాలో కూలబడ్డాడు. ఇన్నాళ్ళూ పడని కన్నీళ్ళు అప్పుడు పడ్డాయి. ట్రంపెట్ గోడకు అవతలే ఉంది. చెయ్యి చాస్తే గోడ తగులుతోంది. ఆ రోజు పిడికిలి కూడా బిగించలేదు.

అయితే ఆ తీర్పు నకలు ఒకటి ఆనవాయితీ ప్రకారం కోర్టు కట్టడాల విభాగానికి వెళ్ళింది. చదివిన వాళ్ళు ఉలిక్కిపడ్డారు. న్యాయస్థానపు ఆవరణలో ఒక ప్రైవేటు వ్యక్తి శాశ్వత నివాసం ఉంటున్నాడని సాక్షాత్తు న్యాయమూర్తి గారే తేల్చారు! మూడో రోజుకల్లా నోటీసు వచ్చింది. 'అక్రమ నివాసి అయిన మీరు, ఆవరణలో గల మీ సమస్త వస్తుసామగ్రితో సహా, తక్షణము ఖాళీ చేయవలెను.' ఈసారి పరిధి గురించి ఎవరికీ ఏ సందేహమూ కలగలేదు.

నోటీసు పట్టుకుని వచ్చింది సీలు వేసిన ఆ అమీనే. పని అంటే ప్రాణం పెట్టేవాడు. చాప చుట్టించాడు, గ్లాసు, లుంగీ, క్యారేజీ లెక్క చూసుకున్నాడు.

"ఆవరణలో మీ వస్తువులు ఇంకేమన్నా ఉన్నాయా?"

జకరయ్యకు తప్పించుకునే ఉపాయాలు రావు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. "స్టోరు గదిలో నా బ్యాండు సామానుందండీ."

అమీను ముఖం మాడిపోయింది. "అదీ ఆవరణేగా! ఒక్క తాళం ముక్క మిగిలినా ఖాళీ చేసినట్టు కాదు. నా రిపోర్టు వెనక్కొస్తుంది. ముందు చెప్పొద్దా?" అంటూ విసవిసా వెళ్ళి, సీలు పగలగొట్టి, తలుపు బార్లా తెరిచాడు. "కానివ్వండి, తొందరగా! మీవన్నీ తీసెయ్యండి. మీది ఏదీ వదలడానికి వీల్లేదు!"

డ్రమ్ముల తోళ్ళు ఎలకలు కొట్టేశాయి. తాళాలు చిలుమెక్కి పచ్చబడ్డాయి. క్లారినెట్‌లో సాలీడు కాపురం పెట్టింది. జకరయ్య ట్రంపెట్‌ను పంచె కొంగుతో తుడిచి, భయపడుతూ పెదవికి ఆనించాడు. మొదటిసారి గాలి మాత్రమే వచ్చింది. కబురు విని వచ్చిన సలోమి చుట్టిన చాపను ఎత్తి తల మీద పెట్టుకుంది. రెండోసారి ఓ బొంగురు శబ్దం వచ్చింది. మూడోసారి పలికింది. అంత బాగా ఏం పలకలేదు. అయినా పలికింది. సామాను ఎక్కించిన తోపుడుబండిని అమీను వెనక నుంచి తోస్తుండగా, సలోమి తల మీద చాపతో ముందు నడుస్తుండగా, సింహగర్జన కోర్టు గేటు దాటింది.

అప్పుడే లోపలికొస్తున్న రాజలింగం అది చూసి నోరెళ్ళబెట్టాడు. ఉరుక్కుంటూ పరాంకుశం గారి దగ్గరకు పోయాడు. "సార్, నన్ను గూడ ఎల్లగొట్టుండ్రి సార్! నా సామాను గూడ గండ్లనే ఉన్నది!"

"మిమ్మల్నా?" పరాంకుశం గారు ఆప్యాయంగా నవ్వారు. "మీ నివాసం ఎక్కడో మాకు రూఢిగా తెలుసు. ధ్రువపత్రం నేనే ఇచ్చాను. ఇక్కడ ఉండనివారిని ఇక్కడి నుంచి ఎట్లు ఖాళీ చేయించగలము? మీ సామగ్రి మా వద్ద క్షేమంగా ఉంటుంది."

మర్నాడు పొద్దున ఊడవడానికి వచ్చినవాళ్ళకు వరండాలో సరికొత్త చాప కనిపించింది. దాని మీద ఉత్తమ నివాసి దుప్పటి ముసుగు తన్ని పడుకుని ఉన్నాడు. లేవయ్యా అని చీపురుతో పొడిస్తే, ముసుగు తియ్యకుండానే, లేవనని గట్టిగా చెప్పాడు.